ఆర్కిటెక్టా, ప్రీఫ్యాబ్ కంపెనీయా: సంతకం పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆర్కిటెక్టు ఫీజు కాగితమూ, ప్రీఫ్యాబ్ కంపెనీ కొటేషనూ రెండూ పంపి ఏది నయమని అడిగావు. ఆ రెండూ పోల్చడానికి కుదిరేవి కావమ్మా. ఆర్కిటెక్టు నీకిచ్చేది డిజైను, డ్రాయింగులు, పని నడిచేటప్పుడు వచ్చి చూడటం. ఇల్లు కట్టేది వేరే కాంట్రాక్టరు. ఆ ఖర్చు ఇంకా నీ ముందుకు రానేలేదు. ప్రీఫ్యాబ్ కంపెనీ ఇచ్చేది ఫ్యాక్టరీలో తయారైన గోడలు, కప్పు, వాటిని తెచ్చి బిగించడం. పునాది, డ్రైనేజీ, నీళ్ల లైను, కరెంటు కనెక్షను, బయటి మెట్లు చాలామంది ధరలో ఉండవు. ఒక కాగితంలో ఇల్లే లేదు, ఇంకోదాంట్లో ఇంటి కింద నేల లేదు.

ఇళ్లలో తేడాలు ఎక్కువగా వచ్చేది ఒకరి పని ఆగి ఇంకొకరి పని మొదలయ్యే చోట. ఆర్కిటెక్టు దారిలో ఆ చోట్లు వేరు, ప్రీఫ్యాబ్ దారిలో వేరు. వాటిలో ప్రతిదానికీ బాధ్యుడెవరో నీ అగ్రిమెంటులో రాసి ఉందా అన్నదే నువ్వు చూడాల్సింది. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు స్థలం సంగతి. ప్రీఫ్యాబ్‌లో రెండు రకాలున్నాయి. గోడలు పలకలుగా వచ్చి సైటులో బిగించేది ఒకటి, గదులకు గదులే పెట్టెల్లా తయారై లారీ మీద వచ్చేది ఇంకొకటి. పెట్టెల రకమైతే ఒక్కొక్కటి సుమారు 10 నుంచి 14 అడుగుల వెడల్పు ఉండొచ్చు. మెయిన్ రోడ్డు నుంచి నీ స్థలం దాకా నడిచి వెళ్లి, సందు వెడల్పు, మలుపులు, అడ్డంగా ఉన్న కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు, దారిలో వంతెనల ఎత్తు రాసుకో. క్రేన్ ఎక్కడ నిలబడుతుందో కూడా చూడు. 50 టన్నుల క్రేన్ అంటే 50 టన్నులు ఎంత దూరానికైనా ఎత్తుతుందని కాదు. ఆ అంకె చేయి దగ్గరగా ఉన్నప్పటిది, చేయి చాచేకొద్దీ ఎత్తగలిగే బరువు బాగా పడిపోతుంది. స్థలం ఇరుకైతే, వాలుగా ఉంటే, ఆకారం వంకరగా ఉంటే ఆర్కిటెక్టు వైపే మొగ్గు. అలాంటి చోట రెడీమేడ్ ప్లాను ఇరికిస్తే మూలల్లో వాడకానికి రాని జాగా మిగులుతుంది, కిటికీలు పక్కింటి గోడలోకి తెరుచుకుంటాయి. స్థలం చదునుగా, చతురస్రంగా ఉండి లారీ లోపలికి వచ్చే వీలుంటే ప్రీఫ్యాబ్‌కు అడ్డేమీ లేదు.

మట్టి పరీక్ష ఏ దారికైనా తప్పదు. "మా ఇల్లు తేలిక, మామూలు పునాది చాలు" అని ప్రీఫ్యాబ్ వాళ్లు అనడం మామూలే. గట్టి నేలలో ఆ మాట నిజమే. తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమట్టిలో మాత్రం అది తిరగబడుతుంది. పైన బరువు తక్కువైనకొద్దీ ఉబ్బే మట్టి పునాదిని పైకి నెట్టడం ఇంకా సులువు. పైగా తేలికైన ఇంటిని పెనుగాలి పైకి లాగుతుంది. కాబట్టి గోడను పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టుల లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో అడిగి తీసుకో.

ఇక నీ సంగతీ, అల్లుడుగారి సంగతీ. ప్రీఫ్యాబ్‌లో ఒక తేదీ ఉంటుంది, దాని తర్వాత డిజైను కదలదు. స్విచ్‌బోర్డు ఎక్కడ, కమోడు ఏ గోడకు, తలుపు ఎటు తెరుచుకోవాలి, అన్నీ ఆ రోజుకల్లా తేలిపోవాలి. ఆ తర్వాత ఒక కిటికీ జరపాలన్నా కోసేసిన ఫ్రేము మళ్లీ చేయాలి. గోడలు లేచాక చూసి నిర్ణయించుకునే స్వభావం మీకుంటే ఆ దారి మీకు పడదు. సైటులో కట్టే ఇంట్లో మార్పులు సాధ్యమే గానీ ఉచితం కాదు. గోడ కూల్చి మళ్లీ కట్టిన ప్రతిసారీ కూలీ, సామాను, రోజులు మూడూ పోతాయి. ఏ దారైనా ఒప్పుకునే ముందు గదుల కొలతలు ఖాళీ నేల మీద ముగ్గుపిండితో గీసి, మంచం, బీరువా, తలుపు తిరిగే జాగా అందులో గుర్తుపెట్టి మీరే అటూ ఇటూ నడిచి చూడండి. కాగితం మీద పెద్దగా కనిపించే గది నేల మీద ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది.

ధర పోల్చాలంటే ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమ వైపు వరుసగా ఇవి రాయి: మట్టి పరీక్ష, సర్వే, అనుమతుల ఫీజులు, డిజైను ఫీజు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు, స్థలం చదును, పునాది, గోడలు, కప్పు, తలుపులు కిటికీలు, కరెంటు పని, ప్లంబింగు, టైల్సు, రంగులు, వంటగది అరలు, రవాణా, క్రేన్, సెప్టిక్ ట్యాంకు లేదా డ్రైనేజీ కనెక్షను, నీళ్లు, కరెంటు కనెక్షను, మెట్లు, కాంపౌండు, పన్నులు. కుడి వైపు రెండు గళ్లు. ప్రతి వరుసకూ రెండు గళ్లలోనూ అంకెగానీ, "లేదు" అనిగానీ ఉండాలి. ఖాళీ గడి వదలకు, తర్వాత ఎక్స్‌ట్రా పుట్టుకొచ్చేది అక్కడి నుంచే. ఆర్కిటెక్టు గడి నింపడానికి కనీసం ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర ఒకే బీఓక్యూ మీద, అంటే ఏ పని ఎంత, ఏ సామాను ఎంత అని రాసిన పట్టిక మీద, ధరలు తీసుకో. చదరపు అడుగుకింత అని నోటిమాటగా చెప్పిన ధరను లెక్కలోకి తీసుకోకు. ఆ ధరలో టైలు ఏ రకమో, వైరు ఏ మందమో ఎవరూ చెప్పరు. రెండు మొత్తాల మీదా 10 శాతం అనుకోని ఖర్చులకు పక్కన పెట్టుకో.

టైము విషయంలో ప్రీఫ్యాబ్‌కు ఉన్న మేలు నిజమైనదే. సైటులో పునాది క్యూరింగు అవుతుండగా ఫ్యాక్టరీలో గోడలు తయారవుతుంటాయి, వాన పడినా పని ఆగదు. కానీ లెక్కబెట్టే రోజులు డిజైను ఒప్పుకున్న తర్వాతి నుంచి మొదలవుతాయి. అనుమతులకు పట్టే కాలం రెంటికీ ఉంటుంది.

పునాదీ ఫ్యాక్టరీ గోడా కలిసే చోటు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, అసలు తిప్పలు అక్కడే ఉన్నాయి. ఇటుక గోడ కట్టే మేస్త్రీ పునాదిలో అంగుళం తేడా ఉన్నా సిమెంటుతో సర్దేస్తాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పలక సర్దుకోదు. అది ఒప్పుకునే తేడా కొన్ని మిల్లీమీటర్లే. మూలమట్టం ఒక్క డిగ్రీ తప్పినా 40 అడుగుల గోడ చివరికి వచ్చేసరికి 8 అంగుళాల పైచిలుకు పక్కకు పోతుంది. కాంక్రీటు పోసే ముందే కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలిపించు. 30 అడుగులు, 40 అడుగుల పునాదికి రెండు కర్ణాలూ 50 అడుగులు రావాలి, రెండూ సమానంగా రావాలి. యాంకర్ బోల్టులను ప్రీఫ్యాబ్ వాళ్లే ఇచ్చిన స్టీలు టెంప్లేట్‌తో నిలబెట్టించు. టేపుతో కొలిచి చేత్తో గుచ్చితే కాంక్రీటు పోసేటప్పుడు కదిలిపోతాయి. కమోడు, సింకు పైపులు నేలలోంచి లేచే చోట్లు కూడా అదే డ్రాయింగు నుంచి రావాలి. పునాది వేరేవాళ్లు వేస్తే, లారీ బయలుదేరక ముందే ప్రీఫ్యాబ్ కంపెనీ మనిషి వచ్చి కొలిచి "సరిపోయింది" అని సంతకం పెట్టాలని అగ్రిమెంటులో రాయించు. ఆ సంతకం లేకపోతే, గోడ పునాది మీద సరిగ్గా అమరకపోయిన రోజున పునాదివాళ్లు ఫ్యాక్టరీని, ఫ్యాక్టరీవాళ్లు పునాదిని అంటారు. క్రేన్ అద్దె నీ నెత్తిన పడుతుంది.

రెండోది పలకకూ పలకకూ మధ్య సందు. వాన నీళ్లు లోపలికొచ్చే దారి అదే. అక్కడ సీలెంటు, అంటే సందు మూసే సాగే ముద్ద, ఊరికే కూరితే చాలదు. ముందు సందులోకి ఫోమ్ తాడు దూర్చాలి. 20 మిల్లీమీటర్ల సందుకు 25 మిల్లీమీటర్ల తాడైతే బిగుతుగా నిలబడుతుంది. దాని మీద సీలెంటు సందు వెడల్పులో సగం లోతుకు, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు పడాలి. తాడు ఎందుకంటే, సీలెంటు రెండు పక్కలకే అంటుకోవాలి. వెనక కూడా అంటుకుంటే ఎండకూ చలికీ పలకలు కదిలినప్పుడు అది సాగలేక చిరుగుతుంది. తాడు పెట్టకుండా కూరిన సందు మొదట్లో చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, రెండు మూడు వానాకాలాల్లో బయటపడుతుంది. ఎంత మంచి సీలెంటైనా ఇల్లున్నంత కాలం ఉండదు. కాబట్టి దాని వెనక నీళ్లను బయటికి దింపే రెండో అడ్డు ఉందా అని అడుగు, ఆ సందు అడ్డకోత డ్రాయింగు చూపించమను. చూపించలేని కంపెనీతో ముందుకు పోకు.

గోడ లోపల ఏముందో కూడా తెలుసుకో. ప్రీకాస్ట్ కాంక్రీటు, అంటే ముందే అచ్చులో పోసి తెచ్చేది, బరువైనది, శబ్దాన్ని బాగా ఆపుతుంది, కానీ వేడిని ఆపాలంటే వేరే పొర కావాలి. రెండు రేకుల మధ్య పీయూఎఫ్ అనే గట్టి నురుగుగానీ థర్మోకోల్‌గానీ నింపిన శాండ్‌విచ్ పలకలు వేడిని బాగా ఆపుతాయి గానీ ఆ రెండూ మండే పదార్థాలు. రాతిని కరిగించి దూదిలా చేసే రాక్‌వూల్ మండదు. సన్న స్టీలు ఫ్రేమూ బోర్డులూ ఉన్న రకంలో గదికీ గదికీ మధ్య మాటలు వినిపించకుండా ఫ్రేము మధ్యలో రాక్‌వూల్ కూరి, రెండు వైపులా రెండేసి బోర్డులు వేయించాలి. రేకుల కప్పయితే వాన చప్పుడుకు కింద ఇన్సులేషను తప్పనిసరి. ఇంకోటి, ఈ గోడల బోర్డుకు బరువైన వస్తువులు నేరుగా తగిలిస్తే ఆగవు. 25 లీటర్ల గీజరులో నీళ్లే 25 కిలోలు, దాని సొంత బరువు అదనం. గీజరు, టీవీ, వంటగది పై అరలు, బాత్‌రూమ్ పట్టుకమ్మీ వచ్చే చోటల్లా బోర్డు మూయకముందే వెనక ప్లైవుడ్డో స్టీలు అడ్డపట్టీయో బిగించాలి. ఆ జాబితా నువ్వే రాసివ్వు. మూసే ముందు ప్రతి గోడనూ టేపు ఆనించి ఫోటో తీయించి దాచుకో.

డబ్బు చెల్లింపు ఇంకో పెద్ద తేడా. సైటులో కట్టే ఇంటికి పని కనబడ్డాక డబ్బు ఇస్తావు. ప్రీఫ్యాబ్‌లో ఇల్లు ఇంకా ఫ్యాక్టరీలో ఉండగానే చాలా భాగం అడుగుతారు. ఆ కంపెనీ మూతపడితే నీ గోడలు ఇంకొకరి షెడ్డులో ఉండిపోతాయి. ఇచ్చే అడ్వాన్సుకు బ్యాంకు గ్యారంటీ అడుగు, కంపెనీ మాట తప్పితే ఆ డబ్బు వాళ్ల బ్యాంకు నీకు ఇచ్చేలా. వాయిదాలను ఫ్యాక్టరీలో మీరు కళ్లతో చూసిన దశలకు ముడిపెట్టు. చివరి వాయిదా లోపాలు సరిచేసేదాకా ఆపుకునే హక్కు రాయించు. ఇంటి రుణం తీసుకుంటుంటే బ్యాంకువాళ్లను ముందే అడుగు. సైటులో లేచిన పనికే డబ్బు విడుదల చేసే బ్యాంకయితే ఫ్యాక్టరీ అడ్వాన్సు నీ జేబులోంచి రావాలి.

ఆర్కిటెక్టు దారిలో తెగిపోయే చోటు డ్రాయింగుకూ మేస్త్రీకీ మధ్య. ప్లాను, ఎలివేషను (ఇల్లు బయటి నుంచి కనబడే బొమ్మ) మాత్రమే చూసి కాంట్రాక్టరు ధర చెబితే మిగతాదంతా ఎక్స్‌ట్రాల కింద వస్తుంది. అందుకని ఏ డ్రాయింగులు వస్తాయో ఫీజు ఒప్పందంలో పేరుపేరునా ఉండాలి: వర్కింగ్ డ్రాయింగులు, తలుపుల కిటికీల పట్టిక, కరెంటు, ప్లంబింగు లేఅవుట్లు, మెట్ల అడ్డకోత, బాత్‌రూములు, కప్పు అంచు, కిటికీ కింద నీళ్లు జారే వివరం. ఎన్నిసార్లు మార్పులు ఫీజులో కలిసి ఉన్నాయో, సైటుకు ఎన్నిసార్లు వస్తారో, ఏ పనుల ముందు తప్పక రావాలో రాయించు. పునాది కడ్డీ కట్టాక, స్లాబు కాంక్రీటుకు ముందు, బాత్‌రూము వాటర్‌ప్రూఫింగు మీద నీళ్లు నిలబెట్టినప్పుడు, ఈ మూడూ తప్పకూడదు. ఆర్కిటెక్టు రోజూ సైటులో ఉండరు. రోజువారీ చూసే సూపర్‌వైజరు ఎవరు, జీతం ఎవరిదన్నది వేరే ప్రశ్న. కడ్డీల లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు పని, ఆ ఫీజు కలిసి ఉందో లేదో అడుగు. ఫీజు నిర్మాణ ఖర్చులో శాతంగా ఉంటే ఖర్చు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. ముందే ఒక మొత్తానికి ఖాయం చేసుకోవడం నీకు మేలు.

ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది, మీ స్థలాన్ని బట్టి నాకు అదే నచ్చుతోంది. ఒక ఆర్కిటెక్టుకు చిన్న ఫీజు ఇచ్చి స్థలానికి తగ్గ ప్లాను గీయించండి. గాలీ వెలుతురూ ఎటు నుంచో, ఏ గది ఎటో తేలిపోతుంది. ఆ ప్లానును ప్రీఫ్యాబ్ కంపెనీ ముందు పెట్టి వాళ్ల పలకల కొలతలకు సర్దమనండి. సర్దాక వచ్చిన డ్రాయింగులను అదే ఆర్కిటెక్టు చదివి సరేనన్నాకే సంతకం పెట్టండి. అయితే ఆర్కిటెక్టుకు ఆ పలకల కొలతలు మొదటి గీత గీయకముందే తెలియాలి, లేకపోతే గీసిందంతా మళ్లీ గీయాల్సి వస్తుంది. మున్ముందు పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే చెప్పాలి. బరువు మోసే పలకల ఇంట్లో తర్వాత గోడ తీయడం, పైన వేయడం మొదట్లో లెక్కలో లేకపోతే కుదరదు.

కంపెనీ చూపించే మోడల్ ఇంటితో సరిపెట్టుకోకు. వాళ్లు కట్టి అయిదేళ్లు దాటిన ఇంటికి వానాకాలం అయిన వెంటనే వెళ్లు. కిటికీల కింది మూలలు, బాత్‌రూముకు అవతలి గోడ, కప్పు అంచులు చూడు. సందులోని సీలెంటును గోటితో నొక్కు. మెత్తగా లోపలికి పోయి తిరిగి లేస్తే ప్రాణం ఉన్నట్టు, గట్టిగా ఉండి అంచున విడితే పోయినట్టు. ఆర్కిటెక్టు చేసిన ఇంటికి వెళ్లినా ఇవే చూడు, దాంతోపాటు మొదట అనుకున్న ఖర్చెంత, చివరికి అయిందెంత అని ఇంటివాళ్లను అడుగు.

మట్టి పరీక్ష రిపోర్టు, దారి కొలతలు వచ్చాక ఆ రెండు గళ్ల కాగితం నింపి పంపు. ఖాళీలు ఏమున్నాయో నేను గుర్తుపెట్టి పంపుతాను. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మామయ్య