ఫొటోలో నల్లచీర

అమ్మాయీ,

నీ కథ చదివాను. 1890ల హైదరాబాదులో ఒక గోషా ఇంటావిడ స్టూడియోకి వెళ్లి ఫొటో తీయించుకోవడం మంచి ఎత్తుగడే. కానీ మూడో పేజీలో "నల్లచీరలో, బిగుసుకున్న ముఖంతో, గుండెల్లో దుఃఖం దాచుకుని" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఏదో పాత ఫొటో ఎదురుగా పెట్టుకుని రాసినట్టున్నావు.

అది నల్లచీర అని నీకెవరు చెప్పారు? ఆ కాలంలో ఫిల్ముకి బదులు వాడిన గాజు పలకల మీది మందు నీలాన్ని ఇట్టే పట్టుకునేది, ఎరుపును దాదాపు పట్టించుకునేది కాదు. అందుకే ఎర్రచీర ప్రింటులో నల్లగా పడుతుంది, నీలం చీర వెలిసిపోయినట్టుంటుంది. కుంకుమబొట్టయితే అచ్చం కాటుకచుక్కే. పెళ్లికళతో వచ్చిన మనిషికి నువ్వు ఏడుపు అంటగట్టావేమో!

ముఖం సంగతీ అంతే. పలక మీద మందు తడి ఆరకముందే ఫొటో తీయాల్సిన తడి పలకల రోజుల్లో కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. తల ఊగకుండా వెనక ఇనుప స్టాండు ఆనించేవారు. కొన్ని ఫొటోల్లో కాళ్ల వెనక దాని పాదం కనబడుతుంది, వెతికి చూడు. పొడి పలకలు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది కానీ బిగుసుకుపోయే అలవాటు అంత తొందరగా పోతుందా? కదిలితే పాడవుతుందన్న టెన్షన్‌ని విషాదం అనుకోకు.

ఇంకోటి. నీ కథలో ఫొటో తీసేది మగవాడు. గోషాలో ఉండే ఆడవాళ్లని పరాయి మగాడు కూర్చోబెట్టి గడ్డం పైకెత్తమంటే ఊరుకుంటారా? ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఈ చిక్కు తెలిసే 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో, అంటే ఆడవాళ్లకే ప్రత్యేకమైన స్టూడియో తెరిచాడు. కెన్నీ లెవిక్ అనే దొరసాని దాన్ని చూసుకునేది. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల సాయం చేసేదీ ఆడవాళ్లే. చేతిలో ఇంత సరుకు పెట్టుకుని కళ్లల్లో దుఃఖం కోసం ఎందుకు తడుముకుంటావు?

అసలు పేచీ ఫొటో తీశాకే మొదలవుతుంది. పరాయివాళ్ల కంటపడని మనిషి బొమ్మ ఇంట్లో ఎక్కడుంటుంది? గోడకా, పెట్టెలోనా? ఆ గాజు పలక ఉన్నంతకాలం ఇంకో కాపీ తీయొచ్చు కదా, మరి అది ఎవరి దగ్గర ఉంది? ఈ మాట ముందుగా ఎవరికి తోస్తుంది, భర్తకా, అత్తగారికా, ఆవిడకేనా? నేనైతే ఆ ఆలోచన అత్తగారికే ఇస్తాను.

మూడో పేజీ తిరగరాసి పంపు. అత్తాకోడళ్లు బండిలో తిరిగొచ్చే ఘట్టం మాత్రం ముట్టుకోకు, బాగా కుదిరింది.