ఎండకి నల్లబడిన బండి మీటర్

ప్రశ్న: స్కూటర్‌ని మధ్యాహ్నమంతా ఆఫీసు బయట ఎండలో ఉంచాను. వచ్చి చూస్తే మీటర్ గాజు మొత్తం నల్లగా అయిపోయింది, ఒక్క అంకె కూడా కనపడలేదు. మెకానిక్‌ని అడిగితే కొత్త మీటర్ వేయాల్సిందే అన్నాడు. ఇంటికొచ్చి నీడలో పెట్టిన కాసేపటికి దానంతటదే బాగైంది! అసలేం జరిగింది? మార్చాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మార్చక్కర్లేదండీ, అప్పుడే పర్సు తీయకండి. బూడిద రంగు గాజు మీద నల్లటి అంకెలు కనిపించే మీటర్ అయితే అది ఎల్‌సీడీ, అంటే ద్రవ స్ఫటికపు తెర. రెండు గాజు పలకల మధ్య, వెంట్రుక మందంలో పదో వంతుకి మించని సందులో, ద్రవ స్ఫటికం ఉంటుంది. పారడానికి ద్రవమే, కానీ పుల్లల్లాంటి పొడుగాటి అణువులు ఒక వరసలో సర్దుకుని ఉంటాయి.

ఆ గాజులకి పైనొకటి కిందొకటి పోలరాయిడ్ ఫిల్ములు అంటిస్తారు. ఒకటి నిలువుగా ఊగే కాంతిని వదిలితే రెండోది అడ్డంగా ఊగేదాన్నే వదులుతుంది, కాబట్టి లెక్క ప్రకారం వెలుతురు రాకూడదు. కానీ మధ్యలోని అణువులు ఒక గాజు నుంచి రెండో గాజుకి వచ్చేసరికి కొంచెం కొంచెంగా 90 డిగ్రీలు మెలి తిరిగి ఉంటాయి, కాంతి కూడా వాటితో పాటే తిరిగి రెండో ఫిల్ములోంచి బయటపడుతుంది. అంకె రావాల్సిన చోట కొద్ది వోల్టులు ఇవ్వగానే అక్కడి అణువులు నిటారుగా లేచి నిలబడతాయి, మెలిక పోతుంది, ఆ గీత వరకు నల్లబడుతుంది. 1970లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వుల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఎండ ఏం చేసిందంటే, వేడి ఒక హద్దు దాటేసరికి ఆ వరస మొత్తం చెదిరి అది మామూలు ద్రవమైపోయింది. కాంతిని తిప్పే మెలిక లేదు కాబట్టి గాజంతా నలుపే. చల్లబడగానే అణువులు మళ్లీ సర్దుకుంటాయి, ఎందుకంటే గాజు లోపలి పూతని ముందే ఒక దిక్కుకి రుద్ది ఉంచుతారు, ఎటు తిరగాలో ఆ పూతే చెబుతుంది.

తమాషా ఏంటంటే, ద్రవ స్ఫటికం సంగతి మొదట బయటపడిందే వేడి చేసినప్పుడు. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరిల్ బెంజోయేట్‌ని వేడి చేస్తుంటే 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా అయింది, 178.5 దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటపడింది. ఒకే పదార్థానికి రెండు కరిగే ఉష్ణోగ్రతలేంటని బుర్ర బద్దలు కొట్టుకుని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఒట్టో లేమాన్‌కి రాశాడు. ఆ మబ్బు దశే ద్రవ స్ఫటికం, మీ మీటర్ దాటింది అలాంటి రెండో మెట్టునే. అంత వేడిలో పనిచేసే సరుకుతో మనకేం లాభం? అందుకే ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం 1970ల మొదట్లో గది వేడికే పనిచేసే సయనోబైఫినైళ్లు అనే ద్రవ స్ఫటికాలు తయారుచేసే దాకా ఈ తెరలు సరిగ్గా నిలదొక్కుకోలేదు. ఆ రకంలో బాగా పేరున్న 5సీబీ ఒక్కటే అయితే 24 నుంచి 35 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది, మన మే నెలలో దాని పని అయిపోయినట్టే! అందుకే నాలుగైదు రకాలు కలిపి ఆ హద్దుని పైకి జరుపుతారు.

చల్లబడ్డాక కూడా మచ్చ మిగిలిపోతే మాత్రం అది పైన ఫిల్ము ఎండకి పాడవడం, అది తిరిగి రాదు. బండి ఆపినప్పుడు మీటర్ మీద గుడ్డ కప్పండి.

ప్రశ్న: కొత్తగా ఎల్ఈడీ టీవీ కొన్నాం. అంటే ఎల్‌సీడీ కాదన్నట్టే కదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అదీ ఎల్‌సీడీయే. ద్రవ స్ఫటికం తనంతట తను వెలగదు, వెనక దీపం ఉండాల్సిందే. ఇదివరకు సన్నటి ఫ్లోరసెంట్ గొట్టాలు పెట్టేవాళ్లు, ఇప్పుడు ఎల్ఈడీలు పెడుతున్నారు, పేరు మార్చి అమ్ముతున్నారు. ఓఎల్ఈడీ వేరు, దాన్లో ప్రతి చుక్కా తనే వెలుగుతుంది. గదిలో లైట్లు ఆర్పి, టీవీలో పూర్తి నల్ల దృశ్యం వచ్చినప్పుడు చూడండి, ఎల్‌సీడీలో మామూలుగా ఆ నలుపు కాస్త బూడిదగా కనపడుతుంది.