ఫ్రీజర్ తగిలించగానే జనరేటర్ ఆగిపోతుంటే

నమస్కారమండీ. 1 కేవీఏ (దాదాపు వెయ్యి వాట్ల సామర్థ్యం) ఇన్వర్టర్ జనరేటర్‌కు 150 వాట్ల ఫ్రీజర్ తగిలించగానే ఇంజను మూలిగి ఆగిపోతోందన్నారు. జనరేటర్ చెడిపోయి ఉండకపోవచ్చు. నడిచేటప్పుడు 150 వాట్లే తీసుకునే కంప్రెసర్ (ఫ్రీజర్‌ను చల్లబరిచే మోటారు), మొదలయ్యే ఆ ఒక్క క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ముందు జనరేటర్‌పై ఉండే ఎకానమీ (ఇంధనం ఆదా చేసే) స్విచ్ ఆపండి. అది వేసి ఉంటే ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఆ కుదుపును అందుకోలేదు. ఫ్యాన్లు, లైట్లు తీసేసి ముందుగా ఫ్రీజర్ ఒక్కటే పెట్టండి. సన్నని, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ ఉంటే మార్చండి. వోల్టేజి అక్కడే పడిపోతుంది. ఒకసారి ఆగితే వెంటనే మళ్లీ వేయకండి, లోపలి గ్యాస్ ఒత్తిడి తగ్గడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇంత చేసినా కంప్రెసర్ అందుకోకపోతే 2 కేవీఏ జనరేటర్ తప్పదు.

కరెంటు లేకపోయినా జనరేటర్‌ను రోజంతా నడపనక్కరలేదు. తలుపు తీయకుంటే నిండు ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. మా ఇంట్లో ఐస్‌క్రీం కరిగిందేమోనని పదిసార్లు తెరిచి చూసి, మేమే కరిగించాం!

జనరేటర్‌ను వరండాలో పెట్టానన్నారే, అది మాత్రం ఈరోజే మార్చండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉంచండి.