మీ ఉత్తరం – మా జవాబు: బియ్యం బస్తాలు, టమాటా బకెట్లు

ప్రశ్న: మేం అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాం. ఇద్దరం ఐటీ, ఇద్దరు పిల్లలు. 2023 జులైలో ఇండియా నుంచి బియ్యం రావని వాట్సాప్ గ్రూపుల్లో గోల మొదలైనప్పుడు అందరితోపాటు మేమూ పరుగెత్తి తొమ్మిది బస్తాలు తెచ్చి గరాజ్‌లో పెట్టాం. రెండు బస్తాలు పురుగు పట్టి పారబోశాం. ఆ సిగ్గుతోనో ఏమో, అప్పటి నుంచి శనివారాలు ఫుడ్ బ్యాంకులో వలంటీర్‌గా వెళ్తున్నాను. డబ్బాలు సర్దుతాను, పంచుతాను, వస్తాను. కానీ వారం వారం అవే మొహాలు. "నువ్వు చేసేది మంచిదే, దీనివల్ల ప్రపంచం మాత్రం మారదు" అంటారు మావారు. ఆయనకేం చెప్పాలి?

జవాబు: సగం ఒప్పుకోండి. మిగతా సగానికి జవాబు మీ ఇంటికి రెండు మూడు గంటల డ్రైవ్‌లోనే ఉంది. కాస్త ఆగండి, ముందు ఆ బస్తాల సంగతి తేల్చుకుందాం.

మీరు తొమ్మిది బస్తాలు కొన్నందుకు ప్రపంచంలో బియ్యం ధర పెరగలేదమ్మా. ఇక్కడ ధరలు పెరుగుతున్నాయని మన ప్రభుత్వం ఆ జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనవే కాబట్టి థాయ్‌లాండ్ బియ్యం కూడా ఒక్కసారిగా ప్రియమైంది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే నూకల ఎగుమతి ఆపారు. మనకు నూకలంటే ఉప్మాకో, జావకో, కోళ్లకో. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో చేపలూ కూరగాయలూ వేసి వండే వాళ్ల పెద్ద వంటకమే నూకలతో చేస్తారు. అక్కడి రాజధాని డకార్‌లో ఇల్లాలికి గరాజ్ లేదు, పేర్చుకోవడానికి బస్తాలూ లేవు, ఏ పూటకాపూట కొనుక్కోవాలి. తెల్లబియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు. పెట్టేటప్పుడు ఆవిడను అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. ఆ మాటకొస్తే వరి పండించే మిర్యాలగూడ రైతునూ అడగలేదు.

ఫుడ్ బ్యాంకు కథ వేరు. 1967లో ఫీనిక్స్‌లో మొదటిది పెట్టారు, ఇన్నేళ్లయినా క్యూ తగ్గలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే అది ఈ పూట గడిపే ఏర్పాటు, రేపటి కూలి పెంచే ఏర్పాటు కాదు. పూట గడవడం చిన్న సంగతని నేను అనను, మీరు మానొద్దు కూడా. నెలలో ఒక్క శనివారం మాత్రం దానికి సెలవు పెట్టి దక్షిణంగా కారు తిప్పండి.

అక్కడ ఇమ్మొకలీ అని ఒక ఊరుంది. చలికాలంలో అమెరికాలో పండే టమాటాల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కల తోటల నుంచే వస్తాయి. కోసేది మెక్సికో, గ్వాటెమాలా, హైతీల నుంచి వచ్చిన కూలీలు. కూలి బకెట్ లెక్కన. ఒక బకెట్ అంటే 32 పౌండ్లు, మన లెక్కలో పద్నాలుగున్నర కిలోలు. దాన్ని భుజాన పెట్టుకుని సాళ్ల మధ్య పరుగెత్తి లారీ మీదున్నవాడికి అందిస్తే, ఏళ్ల తరబడి ఇచ్చింది 50 సెంట్లకు కాస్త అటూ ఇటూగా. వంద బకెట్లు, అంటే దాదాపు టన్నున్నర టమాటాలు మోస్తే చేతికొచ్చేది 50 డాలర్లు.

వీళ్లు 1993లో ఒకచోట చేరి 'ఇమ్మొకలీ కార్మికుల కూటమి' కట్టుకున్నారు. మొదట తోట యజమానులను అడిగారు. వాళ్లు మాకే గిట్టుబాటు కావడం లేదన్నారు, అదీ పూర్తిగా అబద్ధం కాదు, ఎందుకంటే ధర పిండేది పైన కొనే పెద్ద కంపెనీలు. అందుకని కూలీలు నేరుగా ఆ కంపెనీల మీదికి వెళ్లారు. అడిగింది పౌండుకు ఒక్క సెంటు ఎక్కువ! ఒక్క సెంటే, కానీ లెక్క వేయండి, బకెట్‌కు 32 సెంట్లు, యాభై కాస్తా ఎనభై రెండవుతుంది.

2001లో ఆ టమాటాలు కొనే టాకో బెల్ అనే ఫాస్ట్ ఫుడ్ కంపెనీ బాయ్‌కాట్‌కు పిలుపిచ్చారు. ఇక్కడే మీలాంటి వాళ్లు వస్తారు. కాలేజీల్లో కూలీల మాట చెల్లదు, విద్యార్థుల మాట చెల్లుతుంది. వాళ్లు తమ క్యాంపస్‌లో ఆ దుకాణం వద్దని పట్టుబట్టారు, ఇరవైకి పైగా చోట్ల మూయించారు లేదా రాకుండా ఆపారు. చర్చిల వాళ్లు యాత్రలకు భోజనాలు పెట్టారు, పడుకోవడానికి హాళ్లు తెరిచారు. నాలుగేళ్లు పట్టింది, 2005 మార్చిలో కంపెనీ దిగొచ్చింది. తర్వాత మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్, 2014లో వాల్‌మార్ట్ కూడా. కొనేవాళ్లు ఆ సెంటు అదనంగా ఇస్తారు, అది కూలీల చెక్కులో కలుస్తుంది, నీడ, నీళ్లు, ఆడవాళ్ల మీద వేధింపుల విషయంలో నియమాలు తప్పిన తోట నుంచి కొనడం ఆపేస్తారు. అన్ని కంపెనీలూ రాలేదు. 2016లో వెండీస్ అనే బర్గర్ కంపెనీ మీద మళ్లీ బాయ్‌కాట్ పిలుపు ఇవ్వాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చిన నియమం ఒకటి చెప్తాను. అంతకుముందు బకెట్ అంచు దాకా నింపితే ఒప్పుకునేవారు కాదు, పైన గోపురంలా పోయాలి, ఆ గోపురానికి కూలి లేదు. ఇప్పుడు అంచు దాకా నింపితే చాలని రాతపూర్వకంగా ఉంది. మన ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర తరుగు పేరుతో బస్తాకు కిలోనో రెండు కిలోలో కోసుకునేటప్పుడు కాంటా పక్కన నిలబడ్డ రైతు మొహం చూసినవాళ్లకు ఈ గోపురం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

మీరు చేయగలిగింది వాళ్లనే అడగండి. ఊరేగింపులో నడవమంటారు, కారులో నలుగురిని దింపమంటారు, మీరు సరుకులు కొనే సూపర్ మార్కెట్ మేనేజర్‌కు ఉత్తరం ఇచ్చి రమ్మంటారు. మైక్ పట్టుకోమని మాత్రం అనరు, అనకపోవడమే మంచిది, ఆ బకెట్ మోసినవాళ్లకు మాటలు మనకంటే బాగా వచ్చు. మీవారిని కూడా తీసుకెళ్లండి, వాదన కారులో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ప్లేట్లో అన్నం వదిలేస్తే "ఆఫ్రికాలో పిల్లలకు తిండి లేదు" అని మా నాన్న తిడతారు. నేను తింటే వాళ్ల కడుపు నిండుతుందా?
— ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: నిండదు. లాజిక్‌లో నువ్వే గెలిచావు. కాకపోతే ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం పారేసింది హోటళ్లూ ఫంక్షన్ హాళ్లూ కాదు, ఇళ్లు. ఈ అంకె మీ నాన్నకు చూపించకు, ఇంకో పదేళ్లు తిడతారు. ఎంత కావాలో అంతే పెట్టించుకో.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ), విత్తన కంపెనీలు, ఆహార సార్వభౌమత్వం (ఏం పండించాలో, ఏం తినాలో జనమే తేల్చుకునే హక్కు) మీద 40 స్లైడ్లు తయారు చేశాను. ఆదివారాల్లో జహీరాబాద్ వైపు పల్లెలకు వెళ్లి మహిళా రైతులకు అవగాహన కల్పించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి మొదలుపెట్టండి.

కోపం తెచ్చుకోకండి. మీరు ఎంచుకున్న చోటే అలాంటిది. 2001లో, ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం విజన్ 2020 అనే తన అభివృద్ధి ప్రణాళిక గురించి ఊదరగొడుతున్న రోజుల్లో, జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది చిన్న రైతులు, అందులోనూ ఆడవాళ్లు. అధికారులూ కంపెనీల వాళ్లూ శాస్త్రవేత్తలూ వచ్చి సాక్ష్యం చెబితే వీళ్లు కూర్చుని విన్నారు, ఎదురు ప్రశ్నలు వేశారు, వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తామన్న ఆ ప్రణాళిక మాటను కుదరదని తేల్చేశారు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు 2008 నుంచి మాచ్నూర్‌లో సొంత రేడియో నడుపుతున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ తీసుకున్నారు. ఒకే చేలో జొన్న, కంది, సామ, కొర్ర కలిపి వేసి, విత్తనాన్ని వేపాకూ బూడిదా కలిపి దాచుకునేవాళ్లకు విత్తనం ఎవరి చేతిలో ఉండాలో మీ పన్నెండో స్లైడు చెప్పాలా?

ఆహార సార్వభౌమత్వం అన్న మాటను ప్రపంచం ముందు పెట్టింది కూడా రైతులే. 1996లో రోమ్‌లో ఆహార సదస్సు జరుగుతున్నప్పుడు 'లా వియా కంపెసినా' అనే రైతుల అంతర్జాతీయ సంఘం ఆ మాట తెచ్చింది. మీ స్లైడ్లలో అది ఉండే ఉంటుంది. ఆ స్లైడ్లు మీ ఆఫీసు క్యాంటీన్లో వేయండి, అవసరం అక్కడ ఎక్కువ.

పల్లెకు మాత్రం సంక్రాంతి తర్వాత వెళ్లండి. పాత పంటల జాతర అని, విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. ముందే కబురు పెట్టి, ఏదైనా పని ఉంటే చెప్పమనండి. ఫొటోలకు పేర్లు రాయడమో, ఎక్సెల్‌లో లెక్కలు ఎక్కించడమో, ఇంగ్లిష్ కాగితం తెలుగు చేయడమో ఏదో ఒకటి అప్పజెప్పొచ్చు. లేదంటే బండి వెనకాల నడవండి. ఎండ గట్టిగానే ఉంటుంది, టోపీ మర్చిపోకండి.