ముందున్నది మనవాడే అయితే తరమొద్దు

తమ్ముడూ, సైకిల్ రేసులో మీ జట్టు నలుగురిలో ఒకడు ముందు పారిపోయిన చిన్న గుంపులో ఉంటే, మిగతా ముగ్గురూ లాగి లాగి, అంటే వెనక గుంపు ముందు గాలికి ఎదురు తొక్కి, ఆ చిన్న గుంపును పట్టేశారన్నావు. చివరి స్ప్రింట్‌లో ఎవరికీ కాళ్ళు మిగల్లేదు. తప్పు ఫిట్‌నెస్‌ది కాదు, పని పంచుకోవడంలో ఉంది.

మీవాడు ముందుంటే వెనక మీరు ఒక్క పెడల్ కూడా అదనంగా తొక్కకూడదు. లాగాల్సిన బాధ్యత అవతలి జట్లది. మీరు రెండో మూడో చక్రం దగ్గర, అంటే గుంపు ముందున్నవాడి వెనకే, కూర్చోండి. ఎవరైనా ఒంటరిగా ముందుకు దూకితే వాడి వెనక చక్రానికి అంటుకున్నట్టు వెళ్ళండి, కానీ వాడితో కలిసి లాగొద్దు. ‘నువ్వూ లాగు’ అని అరుస్తారు, పట్టించుకోకండి.

ముందు మీవాడు లేకపోతేనే లెక్క మారుతుంది. అప్పుడు కూడా ఇద్దరే గాలికి ఎదురెళ్ళి లాగాలి. స్ప్రింటర్ చివరి 200 మీటర్ల దాకా గాలి మొహం చూడకూడదు. పక్క గాలి వీస్తుంటే ముందుగానే ముందు వరుసకు చేరండి. రోడ్డు అంచున చిక్కుకున్నవాడికి గాలి నుంచి చాటు దొరకదు, గుంపు అక్కడే తెగుతుంది.

2018లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో బెల్జియం రైడర్ ఎవెనెపూల్ ఒంటరిగా వెళ్ళి జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, నిజమే. అలాంటి కాళ్ళు ఏ ఒక్కరికో ఉంటాయి, దాన్ని నమూనాగా పెట్టుకోవద్దు.

జూనియర్ రేసుల్లో సాధారణంగా చెవిలో రేడియో ఉండదు. అందుకే ఎవరు లాగాలో, ఎవరి కోసం లాగాలో ముందు రోజు రాత్రే తేల్చుకోండి. ప్రైజ్ మనీ నలుగురికీ సమానమని కూడా అప్పుడే అనుకోండి.