అమ్మలూ, ఆ రీళ్ళను కత్తిరించే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ నాన్న అటక మీద దాచిన సూపర్ 8 రీళ్ళు, అదే ఇళ్ళల్లో సినిమా తీసుకునే ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము, పద్నాలుగు దొరికాయన్నావు. అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి బాగున్న ముక్కలన్నీ కత్తిరించి, ఒక్క రీలుగా అతికి చూపిస్తానన్నావు. తప్పకుండా చెయ్యి. మా ఇంట్లో కెమెరా మీ పెదనాన్నది, కోతా అతుకూ నావి. ఆ పనిలో తెలిసిందంతా నీకు చెప్పాలనే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. ఆ రీళ్ళకు నెగటివ్ లేదు. అది రివర్సల్ ఫిల్మ్. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగితే బొమ్మ వచ్చింది, దాన్నే ప్రొజెక్టర్‌లో పెట్టి గోడ మీద చూశాం. ట్యాంక్‌బండ్ మీద మీ అమ్మమ్మ మొహాన పడిన ఎండే ఆ ఫిల్ము మీదా పడింది. ఇంకో కాపీ ఎక్కడా లేదు. అందుకే కత్తెర పట్టకముందే రీళ్ళన్నీ స్కాన్ చేయించు. గోడ మీద వేసి ఫోన్‌తో తీసే పద్ధతి వద్దు, ఒక్కో ఫ్రేమునీ, అంటే ఒక్కో బొమ్మనీ, విడిగా తీసే స్కానర్ ఉన్నచోట ఇవ్వు. పాత ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి, ఫిల్ము అంచున ఉండే చిల్లుల్లో పళ్ళు పెట్టి లాగే మిషనా, రోలర్ల మీద నడిపేదా అని అడిగి, రోలర్లదైతేనే ఇవ్వు.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా చేత్తో ఒక తప్పు జరిగింది. మా నుమాయిష్ రీలులో మా అత్తగారు గాజుల దుకాణం ముందు అటు తిరిగి నిలబడి, ఒక్కసారి వెనక్కి చూసి నవ్వుతారు. ఫోకస్ లేదు, కెమెరా ఊగింది. బాగాలేదని కోసి, చెత్తతోపాటు ఊడ్చేశాను. నాలుగు సెకన్లు. సెకనుకి 18 ఫ్రేముల చొప్పున 72 ఫ్రేములు, సరిగ్గా ఒక అడుగు ఫిల్ము. ఆవిడ పోయాక తెలిసింది, ఆవిడ కదులుతూ కనిపించే ఫిల్ము మా ఇంట్లో అదొక్కటేనని. మీ పెదనాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్ళైనా ఆ అడుగు ఫిల్ము నా కళ్ళ ముందే ఉంటుంది. కాబట్టి నువ్వు కోసిన ప్రతి ముక్కనీ, ఎంత చిన్నదైనా, నంబరు వేసి దాచు. ఒకే ఖాళీ రీలు మీద వరసగా చుట్టేసినా చాలు.

రీళ్ళు తీయగానే వాసన చూడు. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవడం మొదలైందన్నమాట. శ్లాబు కింద అటక, మే నెల ఎండ, ఆ తర్వాత వానాకాలపు తేమ, వీటికి అదే అవుతుంది. అలాంటి రీలుని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందు దాన్నే స్కాన్‌కి పంపు. ఏ రీలునీ ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకు, గాలి ఆడాలి. వీటిని మళ్ళీ అటకెక్కించకు, లోపలి గదిలో బీరువా కింది అరలో పెట్టు.

పద్నాలుగూ సూపర్ 8 అవునో కాదో కూడా చూసుకో. సూపర్ 8 వచ్చింది 1965లో. మీ తాతగారి కాలం రీలు ఏదైనా కలిసి ఉంటే అది రెగ్యులర్ 8 కావచ్చు. దాని చిల్లులు పెద్దవి, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటాయి. సూపర్ 8 చిల్లు చిన్నది, ఫ్రేము మధ్యకి ఎదురుగా ఉంటుంది. వెడల్పు రెండిటికీ ఒకటే అయినా వాటిని కలిపి అతికితే ప్రొజెక్టర్‌లో నడవవు.

పని చలికాలంలో, పొద్దున్నే పెట్టుకో. ఫ్యాను ఆపెయ్యి. బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, చేతులకి కాటన్ గ్లవుజులు వేసుకో. కోసిన ముక్కల్ని చిన్న చుట్టలుగా చుట్టి నేను ఇడ్లీ రేకుల్లో పెట్టేదాన్ని, ఒక్కో గుంటలో ఒక చుట్ట, కింద నంబరు చీటీ. ఆ చీటీ పెట్టకపోతే సాయంత్రానికి ఏ ముక్క ఎక్కడిదో తెలియక టెన్షన్ మొదలవుతుంది.

ఎక్కడ కోయాలన్నది చెయ్యి కంటే మనసుకి కష్టం. మీ నాన్న కెమెరా ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోట కొయ్యి. అక్కడ ఒకటో రెండో ఫ్రేములు తెల్లగా వెలిగిపోయి ఉంటే అవి తీసేసినా నష్టం లేదు. షాటు మధ్యలో మాత్రం కోయకు. 50 అడుగుల రీలు నడిచేది మూడు నిమిషాల ఇరవై సెకన్లే. అందులో ఆయన దేని మీద ఎంతసేపు నిలబడ్డాడో అదీ మనకి కావాలి. అసలు వరస ముందే నోటుబుక్కులో రాసుకో. ఏ సంవత్సరమో తెలియకపోతే బొమ్మలోనే వెతుకు. హుస్సేన్‌సాగర్ బాగా కనిపిస్తున్నా మధ్యలో బుద్ధుడు లేకపోతే, ఆ విగ్రహం నిలబెట్టిన 1992కి ముందుదన్నమాట.

అతుకు టేపుతో వెయ్యి. స్ప్లైసర్, అంటే ఫిల్ము కోసి అతికే చిన్న పరికరం, దాని పిన్నుల మీద చిల్లులు కూర్చోబెట్టి, రెండు కొసలూ ఫ్రేము గీత మీద తెగాక, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఆనించు. సూపర్ 8 కోసం చేసిన చిల్లుల టేపు పెట్టి, గాలి బుడగ పోయేదాకా చెంచా వెనకవైపుతో రుద్దు. తిప్పి రెండోవైపూ అలాగే. మామూలు సెల్లోటేపు మాత్రం వద్దు. మన ఎండలకి దాని జిగురు కారి చుట్టలన్నీ అంటుకుపోతాయి.

సిమెంట్ అతుకులు, అంటే ఫిల్ముని కరిగించి అతికే జిగురుతో వేసేవి, నాకిష్టమే, కుదిరితే ఫిల్ము తెగుతుంది గానీ అతుకు ఊడదు. కానీ దానికి ఒక కొస మీద ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, గీకేసి, సన్నగా ఒక్క పూత పూసి, వెంటనే రెండో కొసతో కలిపి నొక్కాలి. ఎమల్షన్ ఏ వైపో తెలియకపోతే లీడరు, అంటే రీలు మొదట్లో బొమ్మ లేని ముక్క, దాని చివర తడి పెదవికి ఆనించు, అంటుకునేది అదే. కలిపిన చోట ఒక కొస మీద మరో కొస ఎక్కాలి కాబట్టి ప్రతి అతుక్కీ కొంత బొమ్మ పోతుంది. పైగా పాలియెస్టర్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ ఫిల్ముకి సిమెంట్ అసలు పట్టదు. రీలుని పక్క నుంచి లైటుకి ఎదురుగా పట్టుకుని చూడు. వెలుతురు దాటి వస్తే పాలియెస్టర్, నల్లగా కనిపిస్తే అసిటేట్. కొత్తచేతికి టేపే నయం, తప్పైతే మెల్లగా ఊడదీసి మళ్ళీ వేసుకోవచ్చు.

అంచున గోధుమరంగు గీత ఉన్న రీళ్ళలో శబ్దం ఉంటుంది. ఆ గీత మీద శబ్దం బొమ్మకంటే 18 ఫ్రేములు ముందు నడుస్తుంది. బొమ్మ చూసి కోస్తే ఎవరి మాటో సగంలో తెగిపోతుంది. అందుకని ఎవరూ మాట్లాడని చోటే కొయ్యి, టేపు ఆ గీతని కప్పకుండా చూసుకో. మీ నాన్న గొంతు ఉన్న రీలు దొరికితే, నా మాట విను, దాన్ని అసలు కోయకు. ఉన్నదున్నట్టు లీడరుతో కలిపి చివర అతుకు.

నా స్ప్లైసరూ, చేత్తో తిప్పి ఫిల్ము చూసే వ్యూయరూ తుడిచి ఉంచాను. ఆదివారం పొద్దున పద్మారావునగర్ వచ్చెయ్యి. రీళ్ళు చేతిసంచీలో తీసుకురా, కారు డిక్కీలో ఎండకి పెట్టకు. మొదటి అతుకులు మా పనికిరాని ఫిల్ము మీద వేద్దువుగాని, ఒక పాతిక వేశాక మీ నాన్న రీలు తెరుద్దాం.

మీ పెద్దమ్మ