గేర్‌బాక్స్ ఆయిల్ మార్చబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం మీ ఆటోమేటిక్ బండికి గేర్‌బాక్స్ ఆయిల్ నువ్వే మారుస్తానన్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఇంజిన్ ఆయిల్ మార్చడం వచ్చిన చేతికి ఇది రాని పనేం కాదు. కాకపోతే ఇక్కడ కొలత తప్పితే గేర్‌బాక్స్‌కే ఎసరు.

అన్నిటికంటే ముందు ఇది విను. పైన నింపే బోల్టు ఊడి నీ చేతికొచ్చాకే కింద డ్రెయిన్ బోల్టు మీద స్పానర్ పెట్టు. మొదటిసారి నేను ముందు కింది బోల్టే విప్పాను. ఆయిల్ దిగిపోయింది. తీరా నింపబోతే పై బోల్టు బిగుసుకుపోయి ఉంది. గట్టిగా తిప్పితే దాని తల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. ఆయిల్ లేని గేర్‌బాక్స్‌తో బండి కదిలించకూడదు కదా, రెండు రోజులు స్టాండ్ల మీదే ఉండిపోయింది. చివరికి మెకానిక్‌ను ఇంటికే పిలిచి తీయించాను. ఇంకోటి, కొన్ని బండ్లలో ఇంజిన్ డ్రెయిన్ బోల్టు కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. మాన్యువల్‌లో బొమ్మ చూసి, ఏది ఏదో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టు.

ఆయిల్ మాన్యువల్‌లో రాసిన రకమే కొను. లోపలి క్లచ్‌లు ఆ ఆయిల్‌లో మునిగే పట్టుకుంటాయి, వదులుతాయి. ఆ పట్టు ఎంత ఉండాలో లెక్క చూసే దాన్ని తయారుచేస్తారు. గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ బండికి మామూలు ఏటీఎఫ్, అంటే మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే ఆ బెల్టు, పుల్లీలు పాడవుతాయి.

జాకీని నమ్మి బండి కిందికి దూరకు. నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబెట్టు. ఒకవైపు ఎత్తుగా ఉంటే లెవల్ తప్పు చూపిస్తుంది.

డ్రెయిన్ బోల్టు విప్పితే ఉన్నదంతా రాదు. చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగంలోనే ఉండిపోతుంది. ఎనిమిది లీటర్లలో నాలుగు వచ్చాయనుకో, కొత్తది సగమే అయినట్టు. కొన్నాళ్ళు నడిపి మళ్ళీ మారిస్తే ముప్పావు వంతు అవుతుంది. మూడోసారికి ఎనిమిదింట ఏడు వంతులు. అది చాలు.

దిగిన ఆయిల్‌ను గీతలున్న సీసాలో పోసి కొలువు. మొదట అంతే కొత్తది పొయ్యి. బోల్టుకో, గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోనో అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపి చూడు. కాటుకలా మెత్తగా జారితే భయం లేదు, తుడిచెయ్యి. గరుకుగా పలుకులు తగిలితే మాత్రం మెకానిక్‌కు చూపించు. ఇప్పటికే గేర్లు జారుతూ, ఆయిల్ మాడు వాసన వస్తుంటే కూడా అంతే. ఆయిల్ మార్చినంత మాత్రాన అరిగిన క్లచ్ బాగుపడదు.

ఇక లెవల్. ఇక్కడ తొందరపడకు. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కిపెట్టి, ఇంజిన్ ఆన్‌లో లివర్‌ను ఒక్కో గేరులో కొన్ని క్షణాలు ఆపుతూ అన్నిటిలోకీ తిప్పి పార్క్‌కు తీసుకురా. డిప్‌స్టిక్ ఉంటే మాన్యువల్ చెప్పిన వేడిలో, చెప్పిన తీరులోనే చూడు. చాలా బండ్లకు అది ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. డిప్‌స్టిక్ లేకపోతే లెవల్ బోల్టు ఉంటుంది. ఆయిల్ ఎంత వేడెక్కాక విప్పాలో మాన్యువల్‌లోనే రాస్తారు, ఆ వేడి బండికి తగిలించి చూసే స్కానర్‌లో తెలుస్తుంది. విప్పగానే ధార కడుతుంది. ధార సన్నబడి చుక్కలు పడే వేళకి మూసెయ్యి. ధారే రాకపోతే ఇంకా పొయ్యాలన్నమాట. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండిటికీ గేర్లు జారతాయి.

బోల్టులకు కొత్త వాషర్లు వెయ్యి. పాత ఆయిల్ కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి వర్క్‌షాప్‌లో ఇచ్చెయ్యి. అందులోంచి చిన్న సీసాడు మాత్రం పక్కన ఉంచు. వచ్చే నెల వచ్చినప్పుడు దాని రంగు నేనూ చూస్తాను.

మీ మామయ్య